ఆమె కలిపిన పిండి

"వెన్న గట్టిగుందా లేదా జర చూస్కో. ఆడికి పోయినంక నా ఇజ్జత్ తియ్యకు," అన్నాడు భూమేశ్వర్, మంచం మీది నుంచి లేవకుండానే.

గంగామణి అప్పటికి లేచి గంటన్నర అయింది. వాకిలి ఊడ్చింది. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ముల మీద మంచుకు కప్పిన పట్టా తీసి, వాటిని ఒకసారి తిరగేసింది. అత్తమ్మ మోకాళ్ళకు నూనె రుద్ది చాయ్ ఇచ్చింది. పదో తరగతి చదివే బిడ్డ మానసకు డబ్బా కట్టింది. ఇప్పుడు పెద్ద స్టీలు తపాలలో మైదా పోసి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ముక్కలు వేసి, వేళ్ళ కొసలతో నలుపుతోంది. అరచెయ్యి తగలనివ్వడం లేదు. అరచేతి వేడికి వెన్న కరుగుతుంది, వెన్న కరిగితే బిస్కెట్ పొరలు విచ్చుకోవు. ఈ సంగతి మంచం మీదున్నాయనకు తెలియదు. అయినా ఇజ్జత్ ఆయనదే. ఆ ఇంట్లో ఇజ్జత్ అనేది ఒక్కటే ఉంది, అది భూమేశ్వర్ పేరున ఉంది. పొద్దున్నే లేచి దాన్ని కాపాడే డ్యూటీ మాత్రం గంగామణిది.

పది గంటలకు పెర్కిట్ చౌరస్తా దగ్గర కొత్త హోటల్లో ఉండాలి. నాగపూర్ నుంచి హైదరాబాద్ పోయే కార్లు ఆగడానికని హైవే మీద భీమ్‌రావు అనే ఆయన కట్టించిన హోటల్ అది, ఇంకా తెరవలేదు. ఇడ్లీలు, దోశలు ఎక్కడైనా దొరుకుతాయి, తన దగ్గర మాత్రమే దొరికే టిఫిన్ ఒకటుండాలని ఆయన పట్టుదల. ఖీమా బిస్కెట్ ఆయనకు నచ్చింది. రెండుసార్లు ఇంటి నుంచి పంపితే రెండుసార్లూ తిని తల ఊపాడు. ఇవాళ ఆయన వంటగదిలో, ఆయన కళ్ళముందు చేసి చూపిస్తే టిఫిన్ల మాస్టర్ ఉద్యోగం ఖాయం. ఉద్యోగం భూమేశ్వర్‌కి. చేసి చూపించాల్సింది గంగామణి.

బిస్కెట్ అంటే చాయ్‌లో ముంచుకునేది కాదు. అరచేతిలో పట్టేంత గుండ్రంగా, పైన ఎర్రగా, లోపల మెత్తగా ఉంటుంది. విరిస్తే పొరలు విడిపోయి మధ్యలోంచి ఖీమా, గుడ్డు బుర్జీ పొగలు కక్కుతూ బయటపడతాయి. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. "గిది బిస్కెటా? బిస్కెట్ లెక్క లేదు, బన్ను లెక్క లేదు. పేరు పెట్టినోన్ని అనాలె," అంటుంది అత్తమ్మ వెంకవ్వ, రెండోది చేతిలోకి తీసుకుంటూ.

అది ఈ ఇంటికి ఫోన్లో వచ్చింది. రెండేళ్ళ కింద ఒక శుక్రవారం భూమేశ్వర్ బహ్రెయిన్ నుంచి వీడియో కాల్ చేసి, తను పనిచేసే కాఫీ షాపులో ఒకటి పట్టుకుని, విరిచి చూపించాడు. "చూడు బిడ్డా, మీ నాయిన ఏం తింటుండో," అన్నాడు. ఇక మానసకు అదే పాట. గంగామణి యూట్యూబ్ పెట్టుకుని మొదలుపెట్టింది. ఓవెన్ లేదు కాబట్టి పాత కుక్కర్లో ఇసుక పోసి, విజిల్ తీసేసి, లోపల ప్లేట్ పెట్టి కాల్చింది. మొదటిసారి వచ్చినవాటితో గోడకు మేకు కొట్టొచ్చు. రెండోసారీ అంతే, ఐదోసారీ అంతే. పిండిని పిసకడమే తప్పని తెలుసుకోవడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. మన ఆడవాళ్ళ చేతులకు చిన్నప్పటి నుంచి నేర్పేది ఒక్కటే కదా, పిండి కనబడితే పిసకడం. జొన్నరొట్టె పిండి పిసకాలి, చపాతీ పిండి పిసకాలి, ఎంత పిసికితే అంత మెత్తన. ఈ పిండికి అది గిట్టదు. చల్లటి మజ్జిగ కొంచెం కొంచెం పోసి, ముద్దగా చేరీ చేరకముందే చెయ్యి తీసెయ్యాలి. "పిసకకుంటే అది పిండెట్ల అయితదే?" అని వెంకవ్వ పక్కన నిలబడి పోరు పెట్టేది. అలవాటుపడిన చేతిని ఆపడం ఎంత కష్టమో గంగామణికి అప్పుడు తెలిసింది.

పిండి కుదిరాక మూతి కుదరలేదు. ఎట్లా మూసినా వేడికి నోరు తెరిచి, ఖీమాలోని నెయ్యంతా బయటికి కక్కేది. ఒకరోజు విసుగొచ్చి, ఏమీ ఆలోచించకుండా, బొటనవేలి గోటితో అంచుని నాలుగు వైపుల నుంచి లోపలికి నొక్కి మడిచేసింది. అది మళ్ళీ తెరుచుకోలేదు. కాలిన బిస్కెట్‌ని చేతిలో పట్టుకుని తిప్పి చూసినప్పుడు గాని ఆమెకు తట్టలేదు, అది బీడీ మూతి మడిచే మడత అని.

పదకొండో ఏట నుంచి బీడీలు చేసింది గంగామణి. వేల్పూర్‌లో వాళ్ళమ్మ పక్కన కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. పెళ్ళిచూపులప్పుడు "పిల్ల రోజుకు వెయ్యి బీడీలు చేస్తది" అని మేనమామ చెబితే వెంకవ్వ ముఖం వెలిగిపోయింది. పెళ్ళైన కొత్తలో ఆ వెంకవ్వ కొడుకే, అన్నం పెడుతుంటే ముక్కు చిట్లించి, "చేతులు కడుక్కున్నవా? తంబాకు వాసనొస్తుంది," అన్నాడు. కడుక్కునే వచ్చింది. మళ్ళీ లేచి వెళ్ళి కడుక్కుంది. ఆ తర్వాత ఎన్నో నెలలు నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుని గాని కంచం దగ్గరికి రాలేదు. భూమేశ్వర్ బహ్రెయిన్ పోయాక ఇంకో మాట వచ్చింది, గల్ఫ్‌ల ఉన్నోని పెండ్లాం బీడీలు చేస్తే నలుగురు నవ్వుతారని. చేట అటకెక్కింది. అప్పటి నుంచి పసుపు చేను, ఇల్లు, అత్తమ్మ, బిడ్డ అన్నీ ఆమె మీదే నడిచినా, ఎవరన్నా అడిగితే "ఏమున్నది, ఇంట్లనే ఉంట" అని చెప్పడం నేర్చుకుంది.

భీమ్‌రావు ఫోన్ వచ్చిన రోజు ఆమెకు మాట మాటా గుర్తుంది. మానస డబ్బాలో తీసుకుపోయిన బిస్కెట్‌ని దాని స్నేహితురాలు దీప తిన్నది. ఇంకొకటి ఇంటికి పట్టుకుపోయింది. దీప వాళ్ళ నాయినే భీమ్‌రావు. వారం తిరగకుండా ఆయన గంగామణి నంబర్‌కి ఫోన్ చేశాడు. నంబర్ ఆమెదే, కాని మొగుడు ఇంట్లో ఉండగా మోగిన ఫోన్ ఎత్తే అలవాటు ఆమెకు లేదు. ఆమె బోళ్ళు తోముతోంది. భూమేశ్వర్ ఎత్తాడు. "ఔ సార్... నేనే సార్... బహ్రెయిన్ల పదకొండేండ్లు గదే పని చేసిన సార్." తోముతున్న గిన్నె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. అతను ఫోన్ పెట్టేసి, "పని దొరికినట్టే పో," అని ఇటు తిరిగి నవ్వాడు. వీసా అయిపోయి ఇంటికొచ్చిన ఐదు నెలల్లో అతను నవ్వడం అదే మొదటిసారి.

అందుకే ఆమె నోరు మెదపలేదు. ఐదు నెలలుగా ఆ మనిషి అంగడి దాకా పోవడానికి కూడా సిగ్గుపడుతున్నాడు. అదీగాక ఆమెకు ఇంకో సంగతి తెలుసు, అతను ఎన్నడూ చెప్పని సంగతి. వంట చేసేవాళ్ళ చేతుల మీద నూనె చిట్లిన మచ్చలుంటాయి. అతని చేతుల మీద ఒక్క మచ్చ లేదు. వేళ్ళ సందులు ఇప్పటికీ తెల్లగా ఒరిసిపోయి, గోళ్ళ చుట్టూ తోలు లేచి ఉంటుంది. అది సబ్బునీళ్ళ పని. ఇన్నేళ్ళుగా బోళ్ళు తోముతున్న మనిషికి ఆ మాత్రం తెలియదా? పదకొండేళ్ళు గిన్నెలు కడిగి, ఇంటికి మాత్రం కుక్ అని చెప్పుకున్నాడు, పాపం, అనుకుంది. ఆ పాపం అనుకోవడమే ఆమె కొంప ముంచింది. జాలి పడుతూ పడుతూ తన నోరు తనే నొక్కేసుకుంది.

మానస మాత్రం ఊరుకోలేదు. ఇందాక బ్యాగు తగిలించుకుంటూ వంటింటి గడపలో ఆగి, "మమ్మీ, ఇయ్యాల గూడ డాడీ చేసిండనే చెప్తరా?" అనడిగింది.

"ఎవరు చేస్తేంది బిడ్డా? మనింట్లదే కదా."

"మనింట్లదే అయితే నువ్వు చేసినవనే చెప్పొచ్చు కదా," అనేసి, జవాబు కోసం ఆగకుండా స్కూలుకి పోయింది.

గంగామణి మైదాలో చెయ్యి పెట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. జవాబు దొరక్క కాదు. ఉన్న జవాబు తనకే భయం వేసేట్టుంది. ఆ ఉద్యోగం తనకు కావాలి. భూమేశ్వర్‌కి వస్తే చాలని కాదు, ఇంటికి మంచిదని కాదు, తనకే కావాలి. పొద్దున్నే తయారై, చెప్పులు వేసుకుని, గడప దాటి, తన చేతి పనిని పని అని పిలిచే చోటికి పోవాలి. "ఇది ఎవరు చేసిండ్రు?" అని ఎవరో ఒకరు అడిగితే, "గంగామణి" అని ఇంకెవరో చెప్పాలి. ముప్పై ఆరేళ్ళ ఆడది ఇంత చిన్న కోరిక కోరుకుని, దొంగతనం చేసినదానిలా అటూ ఇటూ చూసుకుంది. నలిపిన పిండిని రెండు డబ్బాల్లో పెట్టి, మూతలు బిగించి, చుట్టూ ఐసు ముక్కలు పోసింది. ఖీమా, బుర్జీ వేరే గిన్నెల్లో సర్దింది.

ఆటోలో భూమేశ్వర్ పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఆడ నువ్వు మాట్లాడకు. మజ్జిగ పొయ్యమని నేనంట, నువ్వు పొయ్యి. మూతి నువ్వే మూయి. నేను ఓవెన్ కాడ నిలవడుత. ఎవరన్న అడిగితే మా ఆయన నేర్పిండు అను."

"మరి రోజు ఎట్ల?"

"రోజు ఏముంది? పొద్దుగాల నువ్వు ఇంట్ల అన్ని చేసి డబ్బల పెట్టిస్తే నేను పట్కపోత. ఆడ కాల్చుడే కదా. జర తొందర లేస్తే అయిపోతది, నువ్వేం ఫికర్ చెయ్యకు."

ఫికర్ చెయ్యకు అన్న మాట అతను ప్రేమగానే అన్నాడు. గంగామణి ఆ రోజుల్ని లెక్కవేసుకుంది. తను మూడింటికి లేస్తుంది. రెండు వందల మూతులు మడుస్తుంది. తర్వాత వాకిలి, తర్వాత అత్తమ్మ మోకాళ్ళు, తర్వాత చేను. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని డబ్బాలు పట్టుకుపోతాడు. మాస్టర్ అంటారు. ఇవాళ పని కుదిరితే బతుకంతా ఇట్లాగే కుదిరిపోతుంది. కుదరకపోతే మళ్ళీ ఇంట్లో అతని ఆ మూగ ముఖం. ఆటో ఆగేదాకా ఆమె ఈ రెండింటి మధ్య కొట్టుమిట్టాడింది.

హోటల్ వంటగది చూడగానే ఆమెకు కళ్ళు చెదిరాయి. నడుమంత ఎత్తు స్టీలు బల్ల, నలుగురు పక్కపక్కన నిలబడి పనిచేసుకునేంత పొడవు. వంగాల్సిన పని లేదు, పీట మీద కూర్చోవాల్సిన పని లేదు. బీరువా అంత ఓవెన్. పిండిని చల్లగా ఉంచడానికి ప్రత్యేకంగా ఇంకో ఫ్రిజ్. చేతులు చాపుకోవడానికి ఇంత జాగా ఆమెకు ఎన్నడూ దొరకలేదు. మూల తొట్టి దగ్గర ఒక ఆమె గిన్నెలు కడుగుతోంది, పేరు సువార్త. భీమ్‌రావు లావుపాటి మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, చేతులు కట్టుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మజ్జిగ పొయ్యి," అన్నాడు భూమేశ్వర్ గట్టిగా, ఆర్డర్ వేసినట్టు.

గంగామణి మొదటి డబ్బా తెరిచి మజ్జిగ పోసింది. పిండిని చేర్చి, తట్టి, మడిచి, మళ్ళీ తట్టి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసింది. నడుమ ఖీమా, బుర్జీ పెట్టి, అంచులు దగ్గరికి తెచ్చి, గోటితో నాలుగు నొక్కులు. ఒకటయింది. రెండయింది. బల్ల ఎత్తుకి చేతులు వాటంతటవే పరుగెడుతున్నాయి. భూమేశ్వర్ ఓవెన్ పక్కన నిలబడి బహ్రెయిన్ ఎండల గురించి చెబుతున్నాడు. మూడోది మూస్తుండగా తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు ఆగింది.

"అక్కా, నువ్వు బీడీలు చేసినవా?" సువార్త మురిసిపోతూ అడిగింది. "మూతి గట్లనే మడుస్తున్నవ్! మాక్లూర్‌ల నేను గూడ పదేండ్లు చేసిన."

"మా ఇంట్ల గసొంటియేం లేవు," భూమేశ్వర్ మాట చురుక్కుమంది. "నీ గిన్నెలు నువ్వు కడుక్కో."

సువార్త ముఖం మాడిపోయింది. తొట్టిలోకి వంగింది. ఆమె చేతులు గంగామణికి కనబడ్డాయి. వేళ్ళ సందులు తెల్లగా ఒరిసిపోయి, గోళ్ళ చుట్టూ తోలు లేచి ఉన్నాయి. ఇంట్లో రోజూ చూసే చేతులే. ఇన్ని నెలలుగా ఆ చేతుల్ని చూసే కదా తను నోరు నొక్కుకుంది! ఆ పనే పదకొండేళ్ళు చేసిన మనిషి, ఆ పని చేస్తున్న మనిషిని అంత మాటన్నాడు. గంగామణికి ఒళ్ళు మండింది. అంతకంటే తన మీద తనకు అసహ్యం వేసింది. "చేసిన చెల్లే" అని ఒక్క మాట అనొచ్చు కదా? అనలేదు. వాళ్ళమ్మ నేర్పిన విద్యని నలుగురిలో కాదన్నట్టు తలవంచుకుని నిలబడింది.

భీమ్‌రావు ముగ్గురినీ ఒకసారి చూశాడు. వ్యాపారం చేసి తల నెరిసిన మనిషి. "ఇంటామె చెయ్యి సాఫ్‌గ ఉంది," అన్నాడు తాపీగా. "కని భూమేశ్వర్, పనిల పెట్టుకునేది నిన్ను. నీ చెయ్యి చూడాలె. ఇంకో డబ్బ ఉంది కదా, అది నువ్వు చెయ్యి. అమ్మా, నువ్వు జర బయట కూసో."

"ఆమె హెల్పర్ సార్, ఉంటే ఏమయితది..."

"హెల్పర్లు మా తాన ఉన్నరు. నువ్వు చెయ్యి."

గంగామణి తను చేసిన మూడింటినీ ఫ్రిజ్‌లో పెట్టి, చెయ్యి తుడుచుకుని వెనక తలుపు గుండా బయటికి వచ్చింది. రేకుల కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కూర్చుంది. కాసేపటికి సువార్త కడిగిన గిన్నెలు ఎండలో బోర్లించడానికి వచ్చి, గొంతు తగ్గించి, "తప్పు మాట్లాడిన్నా అక్కా?" అంది.

"లేదు. చేసిన," అంది గంగామణి. "రోజుకు వెయ్యి చేసిన."

"వెయ్యా! నేను ఎనిమిది వందలు దాటలే," అని నవ్వి సువార్త లోపలికి పోయింది. అంత చిన్న మాటకే గంగామణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అంతలో తలుపు తోసుకుని భూమేశ్వర్ వచ్చాడు. నుదుటి మీద చెమట. చేతులు కడుక్కుని వస్తానని చెప్పి వచ్చినట్టున్నాడు. "మజ్జిగ ఎంత?" అన్నాడు గుసగుసగా. "జల్ది చెప్పు."

చెప్పకపోతే? ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు ఆమె తత్తరపడింది. పదహారేళ్ళుగా ఉప్పెంత, నీళ్ళెన్ని, తాళం చెవి ఎక్కడ, చొక్కా ఎక్కడ, అన్నింటికీ అడగ్గానే చెప్పిన నోరు. ఆ ముఖంలో భయం చూస్తే దయ తలచకుండా ఉండడం చేతకాలేదు. "ఒక్క గ్లాసు," అంది. "ఒక్కసారే పొయ్యకుండ్రి, కొంచెం కొంచెం పోయుండ్రి. పిసకకుండ్రి. పిండి చేరంగనే చెయ్యి తీసెయ్యుండ్రి."

"ఆ, ఆ, తెల్సు," అంటూనే వెళ్ళిపోయాడు. గ్లాసు అన్న మాట దగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి.

తలుపుకి మధ్యలో గాజు పలక ఉంది. గంగామణి లేచి దానిలోంచి చూసింది. గ్లాసెడు మజ్జిగా ఒక్కసారే పోశాడు. పిండి చేతికి అంటుకుంది. అంటుకునేసరికి కంగారుపడి, రెండు చేతులూ దించి, ఒళ్ళు బరువంతా వేసి పిసకడం మొదలుపెట్టాడు. వెంకవ్వ చపాతీ పిండి పిసికినట్టు, మడిచి, గుద్ది, తిప్పి, మళ్ళీ గుద్దుతున్నాడు. గంగామణి వేళ్ళు కొంగుని నలిపేస్తున్నాయి. చాలు, తీసెయ్యి, చాలు అని లోపల అరుస్తోంది. వెన్న కరిగి పిండి మెరుస్తోంది. భీమ్‌రావు కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. ఒక్కోటీ పాడవుతుంటే ఆమెకు ఏడుపు వస్తోంది, ఆ ఏడుపు అడుగున ఎక్కడో చిన్న సంతోషం కూడా ఉంది. ఆ సంతోషాన్ని చూసి, నేను ఇంత చెడ్డదాన్నా అనుకుంది. కాసేపాగి, ఏం, ఉంటే ఏమైంది అని కూడా అనుకుంది.

ఇరవై నిమిషాలకు ట్రే బయటికి వచ్చింది. వాసనతోనే ఆమెకు తెలిసిపోయింది. మూతులన్నీ విచ్చుకుని, నెయ్యి కారి, ట్రే మీద నల్లగా మాడింది. భీమ్‌రావు ఒకటి తీసుకుని విరవబోయాడు. విరగలేదు. బల్ల మీద తట్టాడు. టకటక మోగింది.

"అమ్మా, లోపలికి రా," అని పిలిచాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి భూమేశ్వర్ ముఖం కందిపోయి ఉంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నా తప్పు కాదు సార్. పిండి మా ఆమెనే కలిపింది, ఇంటికాడ. పొడి పిండిలనే ఏదో గడబిడ చేసింది. ఇంట్ల కూసునేటోళ్ళకు ఏం తెలుస్తది సార్? పిండి మొత్తం ఆమెనే."

ఆమెనే కలిపింది. పదహారేళ్ళ కాపురంలో, నలుగురి ముందర, అతని నోటి నుంచి ఆ మాట రావడం ఇదే మొదలు. బాగున్న రోజుల్లో రాలేదు. దీప వాళ్ళింటికి పోయినప్పుడు రాలేదు, రెండు డబ్బాలు తిని భీమ్‌రావు తల ఊపినప్పుడు రాలేదు. రాళ్ళయిన రోజున వచ్చింది.

భీమ్‌రావు కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. "మరి ఇంతకుముందు నాకు పంపినయి? గా పిండి గూడ మీ ఆమెనే కలిపిందా?"

తొట్టిలో నీళ్ళు కట్టేసి సువార్త కూడా ఇటే చూస్తోంది. భూమేశ్వర్ గంగామణి వైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. కాదను, నువ్వే ఏదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కించు, ఇంటికి పోయాక చూసుకుందాం.

ఆమె నాలుక కొసన ఒక మాట తయారుగా ఉంది. ఆయన అక్కడ పదకొండేళ్ళు గిన్నెలే కడిగాడు సార్, అన్న మాట. అంటే ఆ మనిషి ఇక లేవడు. ఆ మాటని ఆమె మింగేసింది. భయపడి కాదు. గిన్నెలు కడగడం తప్పు పని కాదు, కడిగే మనిషి అక్కడే నిలబడి ఉంది. పైగా తన సంగతి చెప్పుకోవడానికి అతని సంగతి ఆమెకు అక్కరలేదు.

"ఔ సార్," అంది. రెండు చేతులూ బల్ల మీద చాపింది. "మీరు తిన్నయన్ని నేనే చేసిన. పిండి, ఖీమా, మూతి మడుసుడు, కాల్చుడు, అన్ని నేనే. ఎవ్వరు నేర్పలే. ఇయి బీడీలు చేసిన చేతులు సార్."

"ఏం మాట్లాడుతున్నవే?" భూమేశ్వర్ పళ్ళ మధ్యలోంచి అన్నాడు. "నడువ్ ఇంటికి."

గంగామణి కదిలింది. కాని తలుపు వైపు కాదు. తొట్టి దగ్గరికి వెళ్ళింది. సువార్త పక్కకి జరిగి నల్లా తిప్పింది. మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. ఫ్రిజ్‌లో పెట్టి ఉంచిన తన మూడు బిస్కెట్లనీ తీసి, శుభ్రమైన ట్రేలో సర్ది, ఓవెన్ తలుపు తీసి లోపల పెట్టింది. ఎవరినీ అడగలేదు. అవి కాలేదాకా అక్కడే నిలబడింది. భూమేశ్వర్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, వెళ్ళిపోనూ లేడు, ఉండనూ లేడు. ఎర్రగా పొంగి వచ్చినవాటిలో ఒకటి భీమ్‌రావు విరిచాడు, ఊదుకుంటూ తిన్నాడు, మిగతా సగం కూడా తిన్నాడు. మూతి చుట్టూ ఉన్న మడతని వేలితో ఒకసారి తడిమి చూశాడు.

"హోటల్ ఆరింటికి తెరుస్తం," అన్నాడు చివరికి. "నాలుగున్నరకల్ల ఈడ ఉండాలె. మా కార్ పోయి తీస్కొస్తది." అని, గంగామణి మీది నుంచి చూపు తీసి భూమేశ్వర్ వైపు తిరిగాడు. గొంతు మెత్తబడింది, ఒక మగవాడు ఇంకో మగవాడితో మాట్లాడేటప్పుడు మెత్తబడినట్టు. "ఏమంటవ్ భూమేశ్వర్? పంపిస్తవా మరి?"

భూమేశ్వర్ నోరు తెరిచాడు.

"వచ్చేది నేను సార్," అంది గంగామణి. "నన్ను అడుగుండ్రి."